సెలవు అడిగితే ఆకు ఇచ్చిన ప్రోగ్రాం: ఇంగ్లిష్ ఏకవచన, బహువచనాలతో తంటా

ముడిబియ్యం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక రైస్ మిల్లుకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. డేటాబేస్ నేను కట్టింది కాదు, నాకంటే ముందు పనిచేసినాయన కట్టి వెళ్లారు. టేబుళ్ల పేర్లన్నీ ఇంగ్లిష్ బహువచనాలు: లారీస్, బ్యాచెస్, ఇన్వాయిసెస్, షెల్వ్స్, లీవ్స్. మొత్తం 43. ఒక్కోదానికి చేత్తో క్లాస్ (టేబుల్‌లోని ఒక్కో వరుసకు కోడ్‌లో ప్రతిరూపం) రాయడం ఎందుకని, టేబుల్ పేరు చదివి క్లాస్ పుట్టించే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసుకున్నాను. క్లాస్ పేరు ఏకవచనంలో ఉండాలి కదా. చివరి 'ఎస్' అక్షరం కోసేస్తే సరిపోతుందనుకున్నాను.

బ్యాచెస్‌కు ఎస్ కోస్తే వెనక 'ఇ' మిగిలింది. 'ఇఎస్' ఉంటే రెండక్షరాలూ కోయమన్నాను. బ్యాచ్ కుదిరింది గానీ, ఇన్వాయిస్‌కు ఉండాల్సిన 'ఇ' ఎగిరిపోయింది. దానికొక మినహాయింపు. లారీస్ కోసం 'ఐఇఎస్' ఉంటే 'వై' పెట్టమన్నాను. గోడౌన్‌లోని అరల టేబుల్ షెల్వ్స్, దాని ఏకవచనం షెల్ఫ్. అందుకని 'విఇఎస్' ఉంటే 'ఎఫ్' పెట్టమన్నాను.

అక్కడే మునిగాను. లీవ్స్ టేబుల్ నుంచి లీఫ్ అనే క్లాస్ పుట్టింది. తెర మీది శీర్షికలు కూడా క్లాస్ పేర్ల నుంచే తీసుకుంటున్నాను కాబట్టి, గుమస్తా సెలవు నమోదు చేయబోతే 'కొత్త లీఫ్ దరఖాస్తు' అని వచ్చింది. యజమాని తెర చూసి "మనం తమలపాకుల వ్యాపారం ఎప్పుడు మొదలుపెట్టాం?" అన్నారు.

ఇప్పుడు ఆ పని చేసే ఫంక్షన్‌లో పదకొండు 'ఇఫ్'లు (ఇలా ఉంటే ఇలా చెయ్యి అనే షరతులు) ఉన్నాయి. దీనికి సరైన సూత్రం ఏదైనా ఉందా?

---

సెమికోలన్ | సోమవారం, రాత్రి 9:52

పన్నెండో ఇఫ్ మాత్రం రాయకండి. పదమూడోది తోడు తెచ్చుకుంటుంది.

---

పట్టాలమీద | సోమవారం, రాత్రి 10:31

ముడిబియ్యం గారూ, మీరు పడిన గోతిలో చాలామంది పడి లేచారు. నేను రూబీ ఆన్ రైల్స్‌లో (వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్, అంటే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం) పనిచేస్తాను. ఈ సమస్యను ఫ్రేమ్‌వర్క్‌లోనే ఇన్‌ఫ్లెక్టర్ అనే భాగానికి అప్పజెప్పారు. క్లాస్ పేరు పర్సన్ అయితే టేబుల్ పేరు పీపుల్ అని అదే కనిపెడుతుంది. మౌస్‌కు మైస్, ఆక్స్‌కు ఆక్సెన్ కూడా తెలుసు. అసలు బహువచనమే లేని మాటల జాబితా ఒకటి దాని దగ్గర ఉంది: ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్, మనీ, ఫిష్, షీప్, పోలీస్ వగైరా. మీకు పనికొచ్చే ముచ్చట ఏమిటంటే రైస్ కూడా అందులో ఉంది. కాబట్టి మీ బియ్యం టేబుల్ రైస్‌గానే ఉంటుంది.

పని చేసే తీరు మాత్రం మీ పదకొండు ఇఫ్‌ల లాంటిదే, ఇంకొంచెం పద్ధతిగా పేర్చారు. పదం చివరి అక్షరాలను గుర్తుపట్టే నమూనాలు కొన్ని పదులు వరుసగా ఉంటాయి. ప్రత్యేకమైనవి ముందు, సాధారణమైనవి వెనక. మొదట సరిపోయినదే వర్తిస్తుంది. స్టేటస్ చివర ఎస్ ఉన్నా దాన్ని కోయకూడదని ఒక నమూనా, బస్‌కు ఒకటి, మూవీస్‌ను మూవీగా ఉంచడానికి ఒకటి. ఆ చివరి నమూనా లేకపోతే ఐఇఎస్ సూత్రం దాన్ని 'మూవై' చేసి కూర్చోబెట్టేది.

ఈ సూత్రాలనే పైథాన్‌లోకి దించిన లైబ్రరీ (వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న కోడ్) ఉంది, పేరు ఇన్‌ఫ్లెక్షన్. పెట్టి చూడండి. ఇంకొంచెం లోతుగా వెళ్లాలంటే డేమియన్ కాన్వే 1998లో ఇంగ్లిష్ బహువచనాల మీద రాసిన పత్రం ఉంది, దాని ఆధారంగా పెర్ల్ భాషలో మాడ్యూల్ కూడా రాశారు. ఇండెక్స్‌కు ఇండెక్సెస్ అనాలా, లాటిన్ పద్ధతిలో ఇండిసీస్ అనాలా అన్నది వాడేవారు ఎంచుకునే వీలు అందులో ఉంటుంది. పైథాన్‌లోని ఇన్‌ఫ్లెక్ట్ అనే మరో లైబ్రరీ ఆ దారిలోదే. రెండు పేర్లూ దగ్గరగా ఉన్నాయి, పెట్టుకునేటప్పుడు చూసుకోండి.

---

పాతపట్టిక | మంగళవారం, ఉదయం 6:15

నేను డేటాబేస్‌లతో తల నెరిసినవాణ్ణి, కాబట్టి అడగని సలహా ఒకటి ఇస్తాను. తప్పు మీ ఫంక్షన్‌ది కాదు, టేబుళ్లకు బహువచనం పేర్లు పెట్టినాయనది. టేబుల్ అంటే ఒక రకం వస్తువుకు అచ్చు. డబ్బా మీద 'పప్పు' అని రాస్తాం గానీ 'పప్పులు' అని రాయం కదా? లారీ అని పెడితే టేబుల్ లారీ, క్లాస్ లారీ, కాలమ్ లారీ ఐడీ. కోసేదీ లేదు, అతికించేదీ లేదు.

---

పట్టాలమీద | మంగళవారం, ఉదయం 8:02

పాతపట్టిక గారూ, మా ఇంట్లో డబ్బా మీద 'మిరపకాయలు' అని ఉంది. 'మిరపకాయ' అని లేదు.

ఇక అసలు విషయం. మీ పద్ధతిలో ఆర్డర్ల టేబుల్‌కు ఆర్డర్ అని పేరు పెట్టి చూడండి. వరుసలో అమర్చమని చెప్పడానికి డేటాబేస్‌లను అడిగే భాష ఎస్‌క్యూఎల్ ఆ మాటను ఎప్పుడో తీసేసుకుంది. ప్రతిచోటా దాన్ని కొటేషన్లలో పెట్టుకుంటూ బతకాలి. యూజర్ అని పెడితే ఇంకా ముచ్చట. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో కొటేషన్లు మరచిపోయి యూజర్ నుంచి వివరాలు తెమ్మంటే తప్పు చూపించదు, మీరు ఏ పేరుతో లాగిన్ అయ్యారో ఆ పేరు ఒక్క వరుసలో ఇచ్చి ఊరుకుంటుంది. ఆర్డర్స్, యూజర్స్ అని పెడితే ఈ గొడవ లేదు.

---

పాతపట్టిక | మంగళవారం, ఉదయం 8:20

మిరపకాయల దగ్గర నన్ను పట్టుకున్నారు, ఒప్పుకుంటాను. యూజర్ సంగతి కూడా నిజమే, నేను ఒక పూట పోగొట్టుకున్నాను దాని మీద. అయినా ఒకటి రెండు మాటలకు రక్షణ దొరుకుతుందని నలభై మాటలకు తోకలు తగిలించుకోవడం నాకు నచ్చదు. నేను అక్కడ 'యాప్ యూజర్' అని పెట్టుకుంటాను.

---

నిర్వాహకులు | మంగళవారం, ఉదయం 9:05

టేబుల్ పేరు ఏకవచనమా, బహువచనమా అన్న యుద్ధానికి ఈ వేదికలో ఇప్పటికే ఒక చర్చ ఉంది. దాన్ని అక్కడ కొనసాగించండి. ఇక్కడ ముడిబియ్యం గారి డేటాబేస్ ఉన్నది ఉన్నట్టే ఉంటుందని అనుకుందాం.

---

ముడిబియ్యం | మంగళవారం, రాత్రి 10:10

అవునండీ, టేబుల్ పేర్లు మార్చే వీలు లేదు. తూకం యంత్రం పక్కనున్న మరో ప్రోగ్రాం కూడా ఇవే టేబుళ్లలో రాస్తోంది.

ఇన్‌ఫ్లెక్షన్ లైబ్రరీ పెట్టాను. 43లో 40 సరిగ్గా వచ్చాయి. లారీ, బ్యాచ్, ఇన్వాయిస్, టాక్స్, అడ్రస్ అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. తప్పిన మూడూ ఇవి.

మిల్లు స్థలాల టేబుల్ ప్రెమిసెస్. ఎస్ కోసి ప్రెమిస్ చేసింది. ఆ మాటకు తర్కంలో వాడే ఆధారవాక్యం అని అర్థమట. స్థలం అన్న అర్థంలో ఆ మాటను ఇంగ్లిష్‌లో ఎప్పుడూ బహువచనంగానే వాడతారని నిఘంటువు చూశాక తెలిసింది, మన వడ్లు లాగా.

రెండోది కోటా. దానికి ఎస్ పెట్టడం పాతాయన మరచిపోయినట్టున్నారు, టేబుల్ పేరు ఉత్త కోటానే. లైబ్రరీ దాన్ని 'కోటమ్' చేసింది! ఎందుకు?

మూడోది, మీరు ఊహించిందే. లీవ్స్ ఇస్తే ఈసారి ఆకూ రాలేదు, సెలవూ రాలేదు. లీఫ్ చివర ఒక 'ఇ' తగిలించిన వింత మాట వచ్చింది.

---

పట్టాలమీద | మంగళవారం, రాత్రి 11:24

కోటమ్ చదివి చాలాసేపు నవ్వాను. కారణం చెబుతాను. డేటా ఏకవచనం డేటమ్, మీడియా ఏకవచనం మీడియం. ఈ లాటిన్ మాటల కోసం 'టిఎ' లేదా 'ఐఎ'తో ముగిసే మాట వస్తే చివరి 'ఎ' తీసి 'యుఎమ్' పెట్టమని ఒక సూత్రం ఉంది. కోటా చివర టిఎ ఉంది కాబట్టి పాపం దాన్నీ లాటిన్ బహువచనం అనుకుంది. ఆ లెక్కన ఇండియా అని ఇచ్చినా ఇండియం చేసి పెడుతుంది, అది ఒక లోహం పేరు. ఇప్పటికే ఏకవచనంలో ఉన్న మాటను మళ్లీ ఏకవచనం చేయమనడంలోనే ఈ ప్రమాదం ఉంది. చేతికి వచ్చిన మాట ఏ వచనంలో ఉందో ఆ ఫంక్షన్‌కు తెలియదు, తెలుసుకునే దారీ లేదు.

లీవ్స్ కథ కూడా అలాంటిదే. నైవ్స్ నుంచి నైఫ్, వైవ్స్ నుంచి వైఫ్ రావాలని 'విఇఎస్' తీసి 'ఎఫ్ఇ' పెడుతుంది. ముందు 'ఎల్' గానీ 'ఆర్' గానీ ఉంటే ఉత్త ఎఫ్. అందుకే మీ షెల్ఫ్ బతికింది. ఇదే సూత్రానికి గుహలు అన్న అర్థంలో కేవ్స్ అని ఇచ్చి చూడండి. కెఫే వస్తుంది. గుహలోకి వెళితే కాఫీ దొరికినట్టు.

మరి ఇన్నేళ్లుగా ఎందుకు దిద్దలేదని అడుగుతారు. రైల్స్ వాళ్లు కావాలనే ఆ సూత్రాలను కదపడం మానేశారు. ఈ రోజు కేవ్స్‌ను సరిదిద్దితే, ఎక్కడో ఆ తప్పు మీదే ఆధారపడి టేబుల్ పేరు పెట్టుకున్న పాత ప్రోగ్రాం రేపు కుప్పకూలుతుంది. అందుకని ఎవరి మినహాయింపులు వాళ్లే రాసుకోవడానికి ప్రతి ప్రాజెక్టులో ఒక ఫైల్ ఇచ్చారు. పైకి బద్ధకంలా కనిపిస్తుంది గానీ, నాకు అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

---

సెమికోలన్ | మంగళవారం, రాత్రి 11:40

ఇంగ్లిష్‌ను తిట్టేముందు మన ఇల్లు చూసుకుందాం. ఇల్లు అంటే ఇళ్లు, కన్ను అంటే కళ్లు, చెయ్యి అంటే చేతులు. రైలు అంటే రైళ్లు, మరి పాలు? అసలు ఏకవచనమే లేదు. పండుకూ పళ్లే, పంటికీ పళ్లే. 'పళ్లు' అనే టేబుల్ నాకు ఇస్తే అది పళ్ల కొట్టుదో దంతవైద్యుడిదో నేను చెప్పలేను, కంప్యూటర్ ఎలా చెబుతుంది?

---

మబ్బుపని | బుధవారం, ఉదయం 7:48

సెమికోలన్ గారు సరదాగా అన్నా అసలు కీలకం అదే. ఇంగ్లిష్‌లోనూ యాక్సెస్ (ఎఎక్స్ఇఎస్) అంటే గొడ్డళ్లా, అక్షాలా? లీవ్స్ అంటే ఆకులా, సెలవులా? ఈ సమాచారం ఆ మాటలో లేదు. లేనిదాన్ని ఎంత తెలివైన సూత్రమైనా తవ్వి తీయలేదు. కాబట్టి సూత్రం వెతకడం మానేసి, తెలిసినవారి చేత రాయించుకోవాలి.

నేను కుబెర్నెటీస్‌తో (చాలా కంప్యూటర్ల మీద ప్రోగ్రాంలను నడిపించే వ్యవస్థ) పనిచేస్తాను. అందులో మనం సొంతంగా కొత్త రకం వనరు ఒకటి ప్రకటించాలంటే దాని కైండ్ (రకం) పేరుతో పాటు బహువచనం ఏమిటో కూడా మనమే రాసి ఇవ్వాలి. అది ఊహించదు. ఆ బహువచనమే వెబ్ చిరునామాలోకి వెళుతుంది. మొదటిసారి చూసినప్పుడు చివర ఒక ఎస్ పెట్టుకోవడం కూడా దీనికి చేతకాదా అని విసుక్కున్నాను. ఇప్పుడు ఆ విసుగు లేదు. ఒక్క వరుస రాస్తే పోయేదానికి ఊహాగానం ఎందుకు?

జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో దీనికి తలకిందులు చూడవచ్చు. మీరు ఏమీ చెప్పకపోతే అడ్మిన్ పేజీలో పేరు చివర ఎస్ అతికించి ఊరుకుంటుంది. కేటగిరీకి బహువచనంగా 'వైఎస్' అని ముగిసే మాట చూడని జాంగో విద్యార్థి ఉండడు. అయితే వెంటనే కంటికి కనిపిస్తుంది, బహువచనం ఇదీ అని ఒక వరుస రాస్తే సరిపోతుంది. తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చేసి నూరోసారి చడీచప్పుడు లేకుండా తప్పు చేసేదానికంటే, మొదటి రోజే పట్టుబడే మొద్దు సూత్రం నాకు ఇష్టం.

ముడిబియ్యం గారూ, మీవి 43 టేబుళ్లే. లైబ్రరీని ఒక్కసారి నడిపి, వచ్చిన జతలను ఒక ఫైల్‌లో రాయించండి. మూడింటిని చేత్తో దిద్దండి. తర్వాత మీ ప్రోగ్రాం ఆ ఫైల్‌ను మాత్రమే చదవాలి. అందులో లేని టేబుల్ ఎదురైతే ఊహించకుండా ఆగిపోయి, 'దీనికి ఏకవచనం చెప్పండి' అని అడగాలి.

---

పాతపట్టిక | బుధవారం, ఉదయం 8:30

ఇది నచ్చింది. నా వంతుగా ఒక చిన్న మాట, వేరియబుళ్ల గురించి. లారీల జాబితా చుట్టూ లూప్ తిప్పేటప్పుడు 'లారీస్‌లో ప్రతి లారీకి' అని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ షీప్‌లో ప్రతి షీప్‌కు, సిరీస్‌లో ప్రతి సిరీస్‌కు అని రాస్తే లోపలి పేరు బయటి పేరును మింగేస్తుంది. ఒక ఎస్ ఉందా లేదా అన్న తేడాతో రెండు పేర్లు పక్కపక్కన పెట్టడం కూడా నా కళ్లకు ఇప్పుడు కష్టంగా ఉంది. నేను 'లారీ జాబితా' అని పూర్తిగా రాస్తాను. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

---

అనువాదిని | బుధవారం, మధ్యాహ్నం 2:17

నేను ప్రోగ్రామర్‌ని కాను. సాఫ్ట్‌వేర్ల తెర మీది మాటలను తెలుగులోకి తెస్తాను. మొదటి పోస్టులో ఒక వాక్యం చదివి ఉలిక్కిపడ్డాను: "తెర మీది శీర్షికలు కూడా క్లాస్ పేర్ల నుంచే తీసుకుంటున్నాను." దయచేసి ఆ పని మానేయండి. మీ మూడు తప్పులకంటే అది పెద్ద తప్పు.

క్లాస్ పేరు ప్రోగ్రామర్ల మధ్య గుర్తు. తెర మీది మాట గుమస్తా చదివే వాక్యం. రెండింటికీ ఒకే యంత్రం పెడితే ఇంగ్లిష్‌లోనే ఇబ్బంది, తెలుగులోకి వస్తే అసలు నడవదు. ఇంగ్లిష్‌లో ఫైల్ చివర ఎస్ అతికిస్తే 'డిలీటెడ్' అన్న మాట కదలదు. మనకు '1 ఫైల్ తొలగించాం' అన్నప్పుడు ఫరవాలేదు గానీ, '1 లారీ వచ్చింది', '3 లారీలు వచ్చాయి' అన్నప్పుడు క్రియ కూడా మారింది చూడండి. నామవాచకానికి 'లు' అతికించే ఫంక్షన్ ఎంత గొప్పగా రాసినా '3 లారీలు వచ్చింది' అనే చూపిస్తుంది. నా దగ్గరకు అనువాదానికి వచ్చే ముక్కల్లో ఇలాంటివి ఎన్నో. 'వచ్చింది' ఒక్కటే విడిగా పంపుతారు. వచ్చింది లారీయా, లారీలా, డ్రైవరా? డ్రైవర్ అయితే వచ్చాడా, వచ్చారా?

పైగా మనకు బహువచనం ఒక్కటి కాదు. '5 బస్తాలు' వేరు, '5 బస్తాల బియ్యం' వేరు. ఇల్లు అనే మాటకు ఇల్లు, ఇంటి, ఇళ్లు, ఇళ్ల అని నాలుగు రూపాలు కావాలి. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, తర్వాత ఎక్కడో 'మంది'. 'రెండు హమాలీలు' అని తెర మీద చూస్తే చెవిలో ఇసుక పోసినట్టుంటుంది, 'ఇద్దరు హమాలీలు' అనాలి. అంకె వేయక తప్పకపోతే నేను 'హమాలీల సంఖ్య: 2' అని తప్పించుకుంటాను. పిరికితనమే, కానీ ఎప్పుడూ తప్పు పోదు.

దీనికి దారి ఎప్పుడో వేసి ఉంది. గ్నూ వాళ్ల అనువాద సాధనం గెట్‌టెక్స్ట్‌లో ఎన్‌గెట్‌టెక్స్ట్ అనే ఫంక్షన్ ఉంది. మీరు పూర్తి వాక్యాన్ని ఏకవచనంలో ఒకసారి, బహువచనంలో ఒకసారి ఇచ్చి, అంకెను పక్కన ఇస్తారు. ఏ రూపం వాడాలో ఆ భాష సూత్రం తేలుస్తుంది. జపనీస్‌కు ఒక్క రూపం చాలు. రష్యన్‌కు మూడు కావాలి, అరబిక్‌కు ఆరు. యూనికోడ్ వాళ్ల భాషల సమాచార భండారం సీఎల్‌డీఆర్‌లోనూ ఇలాంటి పట్టికే ఉంది. అందులో తెలుగుకు రెండు తరగతులు: ఒకటి, మిగిలినవి. ఇంగ్లిష్‌కూ రెండే కదా, ఒకటేలే అనుకోకండి. ఇంగ్లిష్‌లో 1 ఏకవచనం, కానీ 1.0 బహువచనం కింద లెక్క. తెలుగులో 1.0 కూడా ఏకవచనమే. మీది తూకాల వ్యాపారం కాబట్టి ఇది రేపే ఎదురవుతుంది. ఇక సున్నా సంగతి. మనకు సున్నా బహువచనం వైపు వెళుతుంది. పక్కనున్న కన్నడంలో, హిందీలో సున్నాను ఒకటితో కలిపారు. 'అంకె ఒకటి అయితే ఇది, కాకపోతే అది' అని మీరు కోడ్‌లో చేత్తో రాసి ఉంచితే, మిల్లు సాఫ్ట్‌వేర్ బళ్లారి దాటగానే తప్పు మాట్లాడటం మొదలుపెడుతుంది.

---

సెమికోలన్ | బుధవారం, మధ్యాహ్నం 2:45

బ్రాకెట్లో 'లు' పెట్టి 'లారీ(లు) వచ్చింది(వచ్చాయి)' అని రాస్తే?

---

అనువాదిని | బుధవారం, మధ్యాహ్నం 2:49

అది ప్రభుత్వ దరఖాస్తు ఫారం అవుతుంది. చదివేవారే తమ వచనం తాము కొట్టేసుకోవాలి.

---

పట్టాలమీద | బుధవారం, సాయంత్రం 6:30

అనువాదిని గారు చెప్పిన మాట రైల్స్‌లో ఏళ్ల తరబడి పనిచేసే మావాళ్లకు కూడా వినిపించాలి. తెర మీద అంకె పక్కన పదం పెట్టడానికి ప్లూరలైజ్ అని ఒక సహాయక ఫంక్షన్ ఉంది. '3' అనీ 'కామెంట్' అనీ ఇస్తే '3 కామెంట్స్' అని ఇస్తుంది. ఎంత సులువుగా ఉంటుందంటే, ఇంగ్లిష్ ఒక్కటే ఉన్నంతకాలం అందులో తప్పు కనిపించదు. రెండో భాష అడిగిన రోజున వాటన్నింటినీ వెతికి పీకాలి. ఒక పాత ప్రాజెక్టులో నేను అలా పీకిన వాటి లెక్క చెబితే నా పరువే పోతుంది.

---

ముడిబియ్యం | శుక్రవారం, రాత్రి 9:15

రెండు రోజులు కూర్చుని చేశాను. జతల ఫైల్ 43 వరుసలతో తయారైంది. లీవ్స్ ఎదురుగా లీవ్, కోటా ఎదురుగా కోటా, ప్రెమిసెస్ ఎదురుగా 'మిల్ సైట్'. చివరిదానికి ఏకవచనం వెతకడం మానేసి వేరే మాట పెట్టుకున్నాను. పదకొండు ఇఫ్‌లూ పోయాయి. లైబ్రరీ కూడా పోయింది, ఫైల్ తయారైన తర్వాత దానితో పనే లేదు. నిన్న తూకం ప్రోగ్రాం వాళ్లు గన్నీస్ అని గోనెసంచులకు కొత్త టేబుల్ చేర్చారు. నా ప్రోగ్రాం ఆగిపోయి ఏకవచనం అడిగింది. గన్నీ అని రాసి ముందుకు వెళ్లాను. పది సెకన్ల పని.

తెర మీది మాటలన్నీ ఎన్‌గెట్‌టెక్స్ట్‌కు మార్చాను, వాక్యాలుగానే. అనువాదిని గారూ, 'హమాలీల సంఖ్య' మీ దగ్గర కొట్టేశాను, ఏమీ అనుకోకండి. ఒకచోట మాత్రం తెలుగే నన్ను ఓడించింది. తెర మీద '1.5 టన్నులు' అని వస్తోంది. మిల్లులో అందరూ 'టన్నున్నర' అంటారు. అలాగే చూపించమని యజమాని పట్టుబడుతున్నారు. 2.5 అయితే రెండున్నర టన్నులు, 1.5 అయితే టన్నున్నర. దీనికి ఏ తరగతీ లేదు. ఇఫ్ రాయనా?

---

సెమికోలన్ | శుక్రవారం, రాత్రి 9:21

రాయండి. మొదటి ఇఫ్‌కు అందరం సాక్ష్యం ఉంటాం. ఇంతకీ ఆకు సంగతి ఏమైంది?

---

ముడిబియ్యం | శుక్రవారం, రాత్రి 9:33

తెర మీద ఇప్పుడు 'సెలవు దరఖాస్తు' అనే వస్తోంది. కానీ మిల్లులో ఆ మాట నిలిచిపోయింది. ఇవాళ సాయంత్రం గుమస్తా వచ్చి, "రేపు మా మేనకోడలి పెళ్లి, నాకు రెండు ఆకులు రాయి బాబూ" అన్నాడు.